నందివర్ధనమా, గంధరాజమా? పువ్వు లేకుండానే పొద పేరు కనుక్కుందాం

[తెర మీద: కాంపౌండ్ గోడ పక్కన నడుమెత్తు పొద. ఒక్క పువ్వూ లేదు.]

నమస్తే అండీ. బెంగళూరు జయనగర్‌లో మేం అద్దెకి దిగేసరికే ఈ పొద ఇక్కడుంది. ఓనరమ్మ "నందిబట్టలు" అన్నారు, అంటే మన నందివర్ధనం. కన్నడంలో బట్టలు అంటే గిన్నె అని నాకు తర్వాత తెలిసింది. నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మేమో చూడగానే "ఇది గంధరాజమే, మన పెరట్లో ఉండేది కదా" అంది. ఫోన్‌లో యాప్‌ని అడిగితే ఒకరోజు ఒక పేరు, మర్నాడు ఇంకో పేరు.

పేరుతో పనేముంది, నీళ్లు పోస్తే చాలదా అంటారేమో. చాలదండీ. గంధరాజానికి కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. రోజూ బోరు ఉప్పునీళ్లే పోస్తూ ఉంటే ఈనెలు పచ్చగానే ఉండి, మధ్యలో లేతాకు పసుపెక్కుతుంది. నందివర్ధనం అంత సుకుమారం కాదు. ఏ మొక్కో తెలీకుండా ఎరువు కొనడం డబ్బు దండగ.

[దగ్గరగా: కొమ్మ మీద ఒక కణుపు. వేలితో చూపించాలి.]

ఒక్క ఆకు తెంపి తెచ్చి "ఇదేం మొక్క?" అని అడిగితే చెప్పడం చాలాసార్లు కష్టం. ఆకు కొమ్మకి ఎలా అతుక్కుని ఉందో చూడాలి. ఆకు పుట్టే ఆ చోటే కణుపు. మందారానికి కణుపుకి ఒక్కటే ఆకు, ఒకటి ఇటు, ఇంకోటి అటు. గన్నేరుకి ఒకేచోట మూడేసి ఆకులు. నూరువరహాలు, గోరింట, మల్లెలకి రెండేసి, ఎదురెదురుగా. ఈ ఒక్క చూపుతోనే సగం పేర్లు పక్కకి పోతాయి.

ఇక్కడ ఒక్క మాట. గన్నేరు మొక్కంతా విషమే. పచ్చగన్నేరు కాయలు ప్రాణాలు తీస్తాయి. అందుకని తెలియని ఆకుని ఎప్పుడూ, ఎవరు చెప్పినా, నోట్లో పెట్టుకోకండి. నలిపి వాసన చూస్తే చాలు, వెంటనే చేతులు కడుక్కోండి.

[దృశ్యం: ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకోవడం.]

ఆకుని ఎండకి అడ్డంగా పట్టుకుని చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపించి, నలిపితే ఘాటు వాసన వస్తే నిమ్మ, కరివేపాకుల కుటుంబం కావచ్చు. మా పొదకి చుక్కల్లేవు. గరుకుగా ఉందా? లేదు, పారిజాతం ఆకైతే ఉప్పు కాగితంలా తగులుతుంది.

మా పొద ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, నున్నగా నిగనిగలాడుతున్నాయి. ఇక మిగిలినవి అమ్మ చెప్పిన పేరూ, ఓనరమ్మ చెప్పిన పేరూ. చిక్కంతా ఇక్కడే. గంధరాజానికీ ఆకులు ఎదురెదురే, అప్పుడప్పుడు మూడేసి. రెంటికీ ముద్ద పువ్వు తెల్లనే, రాత్రి వాసన. పైపైన చూసి చెప్పడం కష్టం.

[చాలా దగ్గరగా: లేత ఆకు కాడ. నెమ్మదిగా తెంపాలి. ఈ షాట్ తొందరపడి కట్ చేయకూడదు.]

ఇప్పుడు చూడండి. తెంపిన చోట తెల్లగా ఏదో ఊరుతోంది. బొట్టు కట్టింది. వేలికి జిగటగా అంటుకుంది. పాలు! నందివర్ధనం, గన్నేరు కుటుంబం మొక్క. గంధరాజానికి ఈ పాలు ఉండవు. ముదురాకు తెంపి, పాలు రాలేదని తేల్చేయకండి. పొద్దున్నే లేతాకు తెంపి చూడండి. రబ్బరు తోటల్లో తెల్లవారుజామునే గాటు పెట్టేది కూడా అప్పుడు పాలు బాగా కారతాయనే. ఆ పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. సరే, రెండో పరీక్ష. గంధరాజం అయితే ఎదురెదురు కాడల మధ్య, కొమ్మని చుట్టుకుని చిన్న పొరలాంటిది ఉంటుంది. దాన్నే పుస్తకాల్లో పత్రపుచ్ఛం అంటారు. కాఫీ మొక్కకీ, నూరువరహాలకీ కూడా ఉంటుంది, ఆ మూడూ ఒకే కుటుంబం. భూతద్దం పెట్టి వెతికాను. మా పొదకి అలాంటి పొర లేదు. పైగా కొమ్మ చివర రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ రెండుగా చీలుతున్నాయి. నందివర్ధనానికున్న టాబర్నెమోంటానా డివారికాటా అనే శాస్త్రీయనామంలో రెండో మాటకి అర్థం అదే, విడిపోయి పరుచుకునేది అని.

పోల్చి చూసుకోవాలంటే మాకు లాల్‌బాగ్ దగ్గరే. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. అక్కడ చాలా చెట్లకి పేరు బోర్డులుంటాయి. అక్కడ ఏదీ తెంపకండి, కణుపు కనిపించేలా ఫొటో తీసుకోండి.

[దృశ్యం: సాయంత్రం. పొద మీద తెల్లటి ముద్ద పువ్వు.]

తర్వాత రెండు వానలు పడ్డాక పొద పూసింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. కాసేపు చూసి, "రేపు కూడా చూపించు" అంది. మర్నాడు చూపించాను. పువ్వు కొంచెం వాడింది కానీ తెలుపు మారలేదు. అప్పుడంది: "అయితే ఇది నందివర్ధనమేనే. మన పెరట్లోది రెండో రోజుకి పసుపు తిరిగేది."