దగ్గుకు అడ్డసరం: పసరు తీసే పద్ధతి, వాడకంలో జాగ్రత్తలు

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒక్క మొక్క గురించే మాట్లాడతాను. అది అడ్డసరం. కోలగా, పొడవుగా ఉండే ఆకులు, నోరు తెరిచిన సింహంలా కనిపించే తెల్లటి పూలు, వాటి లోపల ఊదారంగు చారలు. ఇవే గుర్తులు. ఆకు చేదు కాబట్టి పశువులు ముట్టవు. అందుకే చేల చుట్టూ కంచెగా కూడా వేస్తారు.

ఆయుర్వేదంలో దీని పేరు వాస. కఫంతో వచ్చే దగ్గుకు, ఆయాసానికి ఎప్పటినుంచో వాడుతున్నారు. 1888లో ఈ ఆకు నుంచి వాసిసిన్ అనే ఆల్కలాయిడ్‌ను, అంటే మొక్కలో సహజంగా ఉండే, ఒంటి మీద పనిచేసే పదార్థాన్ని, వేరుచేశారు. దాని ఆధారంగానే తర్వాత బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. దగ్గు సిరప్ సీసా మీద బ్రోమ్‌హెక్సిన్ అనో ఆంబ్రాక్సాల్ అనో చదివే ఉంటారు. చిక్కటి కఫాన్ని పలుచన చేసే ఆ మందులకు మూలం ఈ ఆకే. ఇది నాకు ఎంతో గర్వంగా అనిపించే విషయం.

ఇక తయారీ. చాలామందికి ఇక్కడే చిక్కొస్తుంది. పచ్చి ఆకు నూరి ఎంత పిండినా పసరు సరిగా రాదు. దానికి మన పాత వైద్యులు పుటపాకం అనే మంచి పద్ధతి కనిపెట్టారు. ఆకు ముద్దను వేరే ఆకుల్లో చుట్టి, పైన మట్టి పూసి, నిప్పుల్లో కాల్చేవారు. మట్టి ఎర్రబడ్డాక పగలగొట్టి, లోపలి ముద్దను పిండేవారు. ఇంట్లో అంత శ్రమ అక్కర్లేదు. ముదిరిన పచ్చి ఆకులు తీసుకోండి, పండిపోయినవి వద్దు. శుభ్రంగా కడిగి, కచ్చాపచ్చాగా దంచి, ఆకులు బాగా మెత్తబడేదాకా ఆవిరి మీద ఉంచండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే పలుచటి గుడ్డలో వేసి పిండితే పసరు సులువుగా దిగుతుంది.

పెద్దవాళ్లకు మోతాదు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. పసరు చల్లారాక తేనె కలుపుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు తేనె మానేయాలి. ఏ పూట పసరు ఆ పూటే తీసుకోవాలి, నిల్వ పెట్టొద్దు. పచ్చి ఆకు దొరకని రోజుల కోసం నీడలో ఎండబెట్టి, తేమ తగలని డబ్బాలో దాచుకుని కషాయం కాచుకోవచ్చు.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పాలి. గర్భిణులు అడ్డసరం ముట్టకూడదు. వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. ఆకే కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. మందుగా పనిచేసే ఆకు, తప్పుగా వాడితే హాని కూడా చేస్తుంది. పసిపిల్లలకు సొంతంగా ఇవ్వొద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలే పెట్టకూడదు. రోజూ వేరే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి.

కఫంలో రక్తం పడితే అడ్డసరం ఇవ్వాలని పాత గ్రంథాలు చెబుతాయి. ఆ కాలంలో ఎక్స్‌రే లేదు, కఫ పరీక్ష లేదు. ఇప్పుడు ఉన్నాయి. రక్తం కనిపించినా, దగ్గు రెండు వారాలు దాటినా క్షయ పరీక్ష చేయించుకోవాల్సిందే. పసరు తాగుతున్నాం కదా, చూద్దాంలే అని ఆగితే జబ్బు ముదురుతుంది, ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుంది. పిల్లికూతలతో ఊపిరి అందనప్పుడు కూడా అంతే, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

పెంచడం చాలా తేలిక. ముదురు కొమ్మ ముక్క నాటితే చాలు. బల్ల మీద కొన్ని కొమ్మలు పెట్టాం. ఆకూ పువ్వూ దగ్గరగా చూసి గుర్తుపెట్టుకోండి, నాటుకునేవాళ్లు తీసుకెళ్లండి.