మామ ఎర్ర గిటార్, రవ్వలడ్డు డబ్బాలో పాత పికప్‌లు

హాయ్ అండీ అందరికీ, ఎలా ఉన్నారు, మేం న్యూజెర్సీ నుంచి వచ్చి ఆరు రోజులైంది, ప్రస్తుతం వెస్ట్ మారేడ్‌పల్లిలో మా మామ వాళ్ల డాబా మీద ఉన్నాం. ఎండ చూశారుగా ఎలా ఉందో. అటుపక్క అత్త ఆవకాయకి మామిడికాయలు తుడుస్తోంది, ఇటుపక్క నీడలో దుప్పటి పరిచి దాని మీద ఈ ఎర్ర గిటార్ పెట్టాం, ఈ రోజు వీడియో అంతా దీని గురించే.

ఇది ఫెండర్ అనే అమెరికా కంపెనీ, బ్రిటిష్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పేరు మీద చేసిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్, రంగు పేరు టొరీనో రెడ్. మామ మర్చంట్ నేవీలో ఉన్నప్పుడు 1994లో సింగపూర్‌లో కొన్నాడు, నేనప్పుడు చిన్నపిల్లాడిని, ఆయన షిప్ దిగి ఇంటికొస్తే ముందు బ్యాగు కాదు ఈ కేసు చూసేవాడిని. ఇప్పుడు ఆయనకి వేళ్ల కీళ్ల నొప్పులు, తీగ నొక్కలేకపోతున్నాడు. "బీరువాల పెట్టి ఏం జేస్తం రా, వాయించెటోనికి ఇద్దాం, నువ్వు మంచి ధర జూడు" అన్నాడు. అందుకే ఈ వారం అంతా నేను ఇదే పనిలో ఉన్నా.

ముందు మామ మనసులో ఉన్న లెక్క చెప్తా, క్లాప్టన్ పేరుంది కాబట్టి బోలెడు డబ్బు వస్తుందని, ఎందుకంటే మన ఇళ్లలో చాలామందికి ఇదే లెక్క ఉంటుంది. క్లాప్టన్ సొంత స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్‌నే అలా అంటారు) ఒకటి, బ్లాకీ అంటారు, 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకి పోయింది, ఆ డబ్బు ఆంటిగ్వాలో ఆయన పెట్టిన క్రాస్‌రోడ్స్ డీఅడిక్షన్ సెంటర్‌కి వెళ్లింది. 2019లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ బ్లాక్ స్ట్రాట్ అయితే 39,75,000 డాలర్లు. మామ ఇవన్నీ పేపర్లో చదివి ఉన్నాడు. కానీ అవి ఆ మనుషులు స్టేజి మీద ఏళ్ల తరబడి వాయించిన గిటార్లు, ఒక్కోటి ఒక్కటే ఉంటుంది. సిగ్నేచర్ మోడల్ అంటే వాళ్ల ఇష్టం ప్రకారం కంపెనీ డిజైన్ చేసి అమ్మిన మోడల్, హెడ్‌స్టాక్ మీద, అంటే గిటార్ తల మీద ఉన్న సంతకం అచ్చు వేసిందే, చేత్తో పెట్టింది కాదు. ఈ రెండూ వేరు అని మామకి చెప్పేటప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టు అయింది, పాపం ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇక అసలు విషయం. ఫెండర్ ఒక ఆర్టిస్ట్ పేరు మీద చేసిన మొదటి సిగ్నేచర్ గిటార్ ఇదే, 1988లో వచ్చింది. చరిత్ర పరంగా గొప్ప మోడలే, కానీ ఆ తర్వాత దశాబ్దాలుగా చేస్తూనే వచ్చారు, కొత్తది షాపుల్లో దొరికే మోడల్ అయితే పాతది కొనేవాడు ముందు కొత్తదాని రేటు చూస్తాడు, అక్కడికి మించి ఎందుకివ్వాలి అంటాడు, న్యాయమే కదా. దీన్ని ఐబనేజ్ అనే ఇంకో గిటార్ కంపెనీతో పోల్చి చూడండి, గిటారిస్ట్ స్టీవ్ వాయ్ పేరు మీద వాళ్లు చేసిన జెమ్ మోడల్ 1987లో వచ్చినప్పుడు లాక్‌నెస్ గ్రీన్ రంగులో 777 మాత్రమే చేశారు, వాటి మీద వాయ్ చేత్తో సంతకం పెట్టాడు. 2006లో ఫెండర్ వాళ్లే బ్లాకీకి నకలు 275 చేశారు, 2007లో రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ ఫ్రాంకెన్‌స్టీన్ అనే గిటార్‌కి నకలు 300, అప్పట్లో ఒక్కోటి 25,000 డాలర్లు. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క తెలుసు, ఇంకొకటి పుట్టదు, అందుకని కలెక్టర్లు వెంటపడతారు. వాటికి నంబర్ వేసిన సర్టిఫికెట్ కూడా ఉంటుంది, అది పోతే ధర బాగా తగ్గుతుంది, పెళ్లి ఫోటోలు దాచినట్టు దాచాల్సిన కాగితం అది.

అలాగని మామ గిటార్‌కి విలువ లేదని కాదు, ఇక్కడే నాకు ఉత్సాహం వచ్చింది. సీరియల్ నంబర్ ఎస్ఎన్3తో మొదలవుతుంది, ఎస్ అంటే సిగ్నేచర్, ఎన్ అంటే నైంటీస్, 3 అంటే 1993 అన్నమాట. ఈ తొలి ఏళ్ల గిటార్లలో లేస్ సెన్సర్ అనే రకం పికప్‌లు ఉండేవి, పికప్ అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం, 2001లో కంపెనీ వాటిని తీసేసి వింటేజ్ నాయిస్‌లెస్ అనే వేరే రకం పెట్టింది. కాబట్టి పాత సౌండే కావాలి అనేవాళ్లు వెతుక్కునేది మామ దగ్గర ఉన్నలాంటిదే. కానీ తెరిచి చూస్తే లోపల లేస్ సెన్సర్లు లేవు! నా గుండె జారిపోయింది. "1999ల మార్చిన రా, వేరే సౌండ్ గావాలని" అన్నాడు మామ మెల్లగా.

పాతవి ఎక్కడున్నాయి అంటే ఆయనకి గుర్తులేదు. రెండు రోజులు ఇల్లంతా వెతికాం, అటక మీద, మెట్ల కింద, కుట్టుమిషన్ డ్రాయర్లో. చివరికి అత్త వంటింట్లోంచి ఒక పాత రవ్వలడ్డు డబ్బా తెచ్చింది, అందులో దూది చుట్టి మూడు పికప్‌లు, వాటి స్క్రూలు, స్ప్రింగులు, అన్నీ ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మీ దగ్గర ఏ గిటార్ ఉన్నా సరే తీసిన పార్ట్ పారేయకండి, మళ్లీ బిగిస్తే సోల్డర్ (వైర్లు అతికించే లోహం) మొదటిది కాదని తెలుస్తుంది, పూర్తి ఒరిజినల్ ధర రాదు, కానీ ఒరిజినల్ పార్ట్స్ గిటార్‌తో పాటే ఇస్తే పోయిన విలువలో చాలా భాగం వెనక్కి వస్తుంది. మామ చేసిన ఇంకో మంచి పని, హంబకర్ అనే పెద్ద సైజు పికప్ పెట్టడానికి చెక్కని తొలిపించలేదు, అలా తొలిస్తే, దాన్నే రౌటింగ్ అంటారు, ఇక దిద్దడానికి ఉండదు.

ఇందులో మధ్యస్థాయి స్వరాల శబ్దాన్ని పెంచే 25 డెసిబెల్స్ మిడ్‌బూస్ట్ సర్క్యూట్ ఉంది, దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ ఎన్నేళ్లుగా లోపలే ఉందో తెలీదు, కారి టెర్మినల్ దగ్గర పచ్చగా తుప్పు పట్టింది. సర్క్యూట్ బోర్డు దాకా పాకలేదు, అదృష్టం. ఇలా బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ గిటార్ బీరువాలో పెట్టేవాళ్లు దయచేసి ఇవాళే బ్యాటరీ తీసేయండి.

నాకు నిజంగా బాధ కలిగింది మాత్రం కింద అంచు దగ్గర పెయింట్ చూసి. చిన్న పెచ్చు ఊడితే ఎప్పుడో సిటీలో ఒక రిపేర్ షాపులో ఇస్తే, మామ అడగకుండానే కారు పెయింట్ లాంటిది పూసి ఇచ్చారట, రంగు కూడా కలవలేదు. ఆ పెచ్చు అలాగే వదిలేసి ఉంటే ఎంత బాగుండేది. వాడిన గిటార్‌కి దెబ్బలు ఉంటాయని కొనేవాళ్లకి తెలుసు, దాచిపెట్టిన దెబ్బ చూస్తేనే ఇంకేం దాచారో అని అనుమానపడతారు. మొత్తం బాడీకి రంగు మార్పించిన పాత గిటార్ అయితే ధర దాదాపు సగానికి పడిపోతుందని అమ్మేవాళ్లంతా అంటారు, గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ గిటార్ హెడ్‌స్టాక్ విరిగి అతికించినా అంతే, దాని తల వెనక్కి 17 డిగ్రీలు వంగి ఉంటుంది, స్టాండ్ మీంచి పడితే అక్కడే విరుగుతుంది.

చెక్క సంగతి కూడా ఒక మాట. దీని నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి భాగం, మొత్తం మేపుల్ చెక్క, రోజ్‌వుడ్ లేదు. రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడు జాతి, 2017 జనవరి నుంచి దాన్ని సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం కిందికి తెచ్చేసరికి గిటార్లు దేశం దాటించడానికి కాగితాలు తప్పనిసరయ్యాయి, అమ్మేవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు, 2019 నవంబర్లో తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం 1992 నుంచి ఉన్న కఠిన నిబంధన అలాగే ఉంది.

ధర ఎలా పెట్టాను అంటారా, ఆన్‌లైన్లో అడిగే రేట్లు చూడలేదు, అడగడం ఎవరైనా ఎంతైనా అడుగుతారు, అమ్ముడైపోయినవి మాత్రమే చూశా. అది కూడా అమెరికా రేటు, ఇక్కడ కొనేవాళ్లు తక్కువ కాబట్టి రూపాయల్లోకి మార్చి అదే రావాలంటే కుదరదు. ఫోటోలు పొద్దున్నే తీశా, ఆ పెయింట్ మరక, తుప్పు, డబ్బాలో పికప్‌లు, అన్నీ దగ్గర్నుంచి. సైనిక్‌పురి నుంచి ఒక కుర్రాడు నెక్ విప్పి హీల్ మీద, అంటే నెక్ బాడీకి బిగించే చివర, తయారీ తేదీ చూపించమన్నాడు. మామకి స్క్రూ విప్పడం ఇష్టం లేదు, చేతులు వణికాయి, చివరికి నా చేత విప్పించాడు. తేదీ ఉంది, 1993దే, సీరియల్‌తో సరిపోయింది. మామ కళ్లద్దాలు పైకి నెట్టి ఆ చిన్న అంకెలు చాలాసేపు చూశాడు, "ముప్పై ఏండ్లు నా దగ్గరుంది, గిది ఎన్నడు జూడలే రా" అన్నాడు.

ఆ అబ్బాయి ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు, ఆంప్ తనే తెచ్చుకుంటాడట. కొత్త తీగలు వేసి పెట్టా, కారిన బ్యాటరీ తీసేసి టెర్మినల్ శుభ్రం చేశా, రవ్వలడ్డు డబ్బా కేసులోనే పెట్టాం. అత్త మాత్రం డబ్బా తిరిగిచ్చేయమంటోంది.