వాళ్ళు గడియారం తిప్పితే మన సాయంత్రం మారుతుంది

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్న చాలామందికి పని అమెరికా టైముకో లండన్ టైముకో నడుస్తుందని నాకు తెలుసు, బెంగళూరులో తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఇదే పరిస్థితి. మన దేశంలో గడియారం ముందుకీ వెనక్కీ జరపం కాబట్టి డేలైట్ సేవింగ్, అంటే వేసవికి గడియారం ఒక గంట ముందుకి జరిపి చలికాలానికి వెనక్కి తేవడం, వాళ్ళ గొడవ అనుకుంటాం. (రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, ఇక్కడా ఒక గంట ముందుకి జరిపారు.) కానీ వాళ్ళు గడియారం మార్చినప్పుడల్లా సర్దుకునే భారం మనమీదే పడుతోంది. ఆ భారానికి ఒక ఖరీదుంది, దాన్ని ఒప్పందంలో రాయించుకోవాలని చెప్పడానికే వచ్చాను.

ఒక మామూలు టీమ్ తీసుకోండి. చలికాలంలో లండన్ వాళ్ళతో కాల్ మనకి సాయంత్రం 6:30కి, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. న్యూయార్క్ వాళ్ళతో కాల్ 7:30కి, అక్కడ పొద్దున 9. ఒకటి అయ్యాక ఒకటి, ఏ టెన్షనూ లేదు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతుంది, యూరప్ చివరి ఆదివారం దాకా ఆగుతుంది. 2026 క్యాలెండర్‌లో ఆ తేదీలు 8, 29. ఆ మధ్య మూడు వారాలూ న్యూయార్క్ కాల్ 6:30కి వచ్చి లండన్ కాల్ నెత్తిన కూర్చుంటుంది. ఇద్దరూ తమ గడియారం ప్రకారం సరిగ్గానే వచ్చారు, మధ్యలో ఉన్నవాడే ఏదో ఒకటి వదులుకోవాలి. 29 తర్వాత లండన్ కాల్ 5:30కి జరిగి గుద్దుకోవడం ఆగుతుంది గానీ, అప్పటికి మన షిఫ్టే ఒక గంట ముందుకి వచ్చేసి ఉంటుంది, దాంతో క్యాబ్ టైము, ఔటర్ రింగ్ రోడ్ మీద చిక్కుకునే ట్రాఫిక్, వంటమనిషి వచ్చే వేళ, పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చే వేళ అన్నీ కదులుతాయి. అక్టోబర్ చివర్లో యూరప్ మొదట వెనక్కి వస్తుంది, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం వస్తుంది, కాబట్టి ఆ వారం మళ్ళీ ఇదే తంటా. సిడ్నీ క్లయింట్లున్నవాళ్ళకి ఇదంతా తిరగేసి జరుగుతుంది, అక్కడ వేసవి టైము అక్టోబర్‌లో మొదలు.

ఐటీ వాళ్ళ బాధే అనుకోకండి. ఎంసీఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజ్‌లో బంగారం, ముడిచమురు ట్రేడింగ్ అమెరికా వేసవి టైములో రాత్రి 11:30కి ముగుస్తుంది, చలికాలంలో 11:55కి. ఎక్స్ఛేంజ్ ముంబైలో ఉంది, మూసే వేళ మాత్రం అమెరికా గడియారాన్ని బట్టి మారుతుంది. ఇక్కణ్ణుంచి విమానాల్లో పూలు పంపేవాళ్ళని చూడండి. యూరప్ ఎయిర్‌పోర్టులో దిగే టైము అక్కడి గడియారంలో అలాగే ఉండాలంటే మన దగ్గర బయల్దేరే టైము గంట మారాలి, అంటే తోటలో కోత దగ్గర్నుంచి ప్యాకింగ్, లారీ వరకూ ఆ గంట మారుతూ వస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. న్యూయార్క్‌లో మార్చి ఆదివారం తెల్లవారుజామున 2 నుంచి 3 దాకా గంటే ఉండదు. నవంబర్‌లో 1 నుంచి 2 దాకా గంట రెండుసార్లు వస్తుంది. సరిగ్గా రాయని జాబ్, అంటే పెట్టిన టైముకి తనంతట తానే నడిచే ప్రోగ్రామ్, 2:30కి పెట్టి ఉంటే మార్చిలో నడవకపోవచ్చు, 1:30కి పెట్టి ఉంటే నవంబర్‌లో రెండుసార్లు నడవొచ్చు. అది చెల్లింపుల ఫైలైతే ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పోతుంది. అప్పుడు మనకి ఆదివారం మధ్యాహ్నం, ఆ ఫోన్ ఎత్తేది డ్యూటీలో ఉన్న మన పిల్లలే. లోపల అంతా యూటీసీలో, అంటే ఏ కాలంలోనూ మారని ప్రపంచ ప్రామాణిక టైములో నడపండి, చూపించేటప్పుడే స్థానిక టైములోకి మార్చండి.

ప్రభుత్వాలు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటే ఏమవుతుందో 2023 మార్చిలో లెబనాన్ చూపించింది. రంజాన్ అయ్యేదాకా మార్పు వాయిదా అని ప్రభుత్వం అంటే, చర్చీలు, కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు, కొన్నాళ్ళు ఒకే దేశంలో రెండు టైములు నడిచాయి, చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఈ మార్పులు త్వరలో ఎత్తేస్తారని ఎదురుచూడకండి. యూరప్ పార్లమెంటు 2019లోనే ఎత్తేయాలని ఓటేసింది, సభ్యదేశాలు తేల్చలేదు. అమెరికా సెనేట్ 2022లో ఏడాదంతా వేసవి టైమే ఉంచే బిల్లు పాస్ చేసింది, రెండో సభలో అది ఆగిపోయింది.

అందుకని ఒప్పందాలు చూసుకోండి. 'సాయంత్రం 5 ఈఎస్‌టీ లోపు' అని రాస్తారు, జులైలో కూడా. ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ చలికాలం టైము. జులైలో న్యూయార్క్ నడిచేది ఈడీటీ, అంటే వేసవి టైము మీద, అక్షరాలా చదివితే ఆ గడువు అక్కడి గడియారంలో 6. ఆలస్యానికి జరిమానా ఉన్నచోట ఈ గంట మీద గొడవ రాకుండా ఉండాలంటే 'న్యూయార్క్ స్థానిక సమయం' అని ఊరి పేరుతో రాయించండి, పక్కనే భారత సమయం రెండు కాలాలకీ వేయించండి.

కాల్స్ గుద్దుకునే వారాల్లో ఏది ఎవరు జరుపుకోవాలో ముందే అడగండి. అక్టోబర్ చివరి వారం సంగతి సెప్టెంబర్‌లోనే మెయిల్ పెట్టి తేల్చుకోండి. మార్చిలో మనం జరిగితే అక్టోబర్‌లో వాళ్ళు జరగాలి, ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు. షిఫ్ట్ మారినప్పుడు క్యాబ్ డ్రైవర్‌కీ, సెక్యూరిటీ వాళ్ళకీ, క్యాంటీన్ వాళ్ళకీ రెండు వారాల ముందే చెప్పాలనీ, వాళ్ళు అదనంగా ఉండాల్సి వస్తే ఆ డబ్బు ఎవరు ఇస్తారనేదీ అదే మెయిల్‌లో రాయండి.