రాతప్రతులకు ఒక రిజిస్టరు తెరవండి

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్ళుగా తెరిచి ఉంచుతున్న సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నవంబరు 14 నుంచి 20 దాకా ఏటా జరుపుకొనే ఈ వారోత్సవాల్లో అయ్యంకి వెంకటరమణయ్యగారిని తలుచుకోకుండా నోరు తెరవడం మర్యాద కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడానికి కారకులు, ఊరూరికీ పుస్తకం చేరాలని తిరిగిన మనిషి. ఆయనకు నమస్కరించి మొదలుపెడతాను.

ఆహ్వానపత్రంలో నా పేరు కింద 'గ్రంథాలయాలు, యువత' అని వేశారు. ఆ విషయం నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నన్ను ఇంకో సంగతి చెప్పనివ్వండి. అచ్చయిన పుస్తకానికి మన దగ్గర బీరువా ఉంది, నంబరు ఉంది, రిజిస్టరు ఉంది. అచ్చు కాకముందు ఆ పుస్తకం ఏ కాగితాల మీద ఉండేదో, ఆ కాగితాలకు మన దగ్గర ఏ చోటూ లేదు. ఈ మాట చాలా కాలంగా చెప్పాలని ఉంది. ఇవాళ చెబుతాను.

మా అమ్మాయి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఉంటుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో హ్యారీ రాన్సమ్ సెంటర్ అనే సంస్థ ఉంది. 1957లో పెట్టారు. రచయితల కాగితాలు సేకరించి దాచడమే దాని పని. గాబ్రియెల్ గార్సియా మార్కెజ్ కాగితాలు అక్కడే ఉన్నాయి. మార్కెజ్ అనగానే మనకు నోబెల్ బహుమతి పొందిన నవలాకారుడే గుర్తుకొస్తాడు. ఆయన సినిమా మనిషి కూడా. కుర్రతనంలో రోమ్ వెళ్ళి సినిమా చదువుకున్నాడు. మెక్సికోలో స్క్రీన్‌ప్లేలు రాసి బతికాడు. 1986లో క్యూబాలో సినిమా బడి పెట్టినవాళ్ళలో ఒకడు, అక్కడ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ ఎలా అల్లాలో నేర్పాడు. 2014 ఏప్రిల్‌లో పోయాడు. ఆ నవంబరులోనే ఆయన కాగితాలు ఆస్టిన్ చేరాయన్న ప్రకటన వచ్చింది. పది పుస్తకాల రాతప్రతులు, రెండు వేలకు పైగా ఉత్తరాలు, ఫోటో ఆల్బములు, టైపు మిషన్లు, కంప్యూటర్లు.

ఆ చదువుల గది ఎలా నడుస్తుందో చెబుతాను, వినండి. ముందు మీ పేరు, గుర్తింపు కార్డు చూపి నమోదు చేసుకోవాలి. సంచీ బయటే పెట్టాలి. కలం లోపలికి తీసుకువెళ్ళకూడదు, పెన్సిలే. ఒక్కసారి ఒక్క ఫోల్డరే తెరవాలి. అందులో కాగితాలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే తిప్పాలి. ఏ పెట్టెలో ఏ ఫోల్డరులో ఏముందో ముందే జాబితా ఉంటుంది, చూసుకుని అడగాలి. మీరు ప్రొఫెసర్లు కానక్కరలేదు. ఆస్టిన్‌లో తెలుగువాళ్ళు వేలమంది ఉన్నారు. ఎవరైనా వెళ్ళి అడిగితే మార్కెజ్ చేతిరాత బల్ల మీదికి వస్తుంది. అక్కడిదాకా వెళ్ళలేనివాళ్ళకు 2017 డిసెంబరు నుంచి ఇరవై ఏడు వేలకు పైగా పుటల బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మీ ఫోనులో చూడవచ్చు.

ఆ కాగితాలు ఏమి చెబుతాయి? ఆయనే రాసుకున్న ఒక సంగతి ఉంది. 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' పూర్తయ్యాక, 1966 ఆగస్టులో ఆయనా భార్య మెర్సిడెస్సూ మెక్సికో నగరంలో తపాలా కార్యాలయానికి వెళ్ళారు. రాతప్రతిని బ్యూనస్ ఐరెస్‌లో ఉన్న ప్రచురణకర్తకు పంపాలి. తూచి 82 పెసోలు అన్నారు. వాళ్ళ దగ్గర ఉన్నవి 53. కట్టను రెండుగా చేసి, సగం పంపి ఇంటికి వచ్చారు. గది వెచ్చబరిచే హీటరు, జుట్టు ఆరబెట్టుకునే యంత్రం, మిక్సీ తాకట్టు పెట్టి మిగతా సగం పంపారు. తీరా చూస్తే మొదట వెళ్ళింది రెండో సగం! బయటికి వచ్చాక ఆవిడ అన్నారట: ఇక ఈ నవల బాగుండకపోవడం ఒక్కటే తక్కువ అని.

ఈ కథ చాలామంది చెబుతారు. దాని తర్వాతిది చెప్పరు. పుస్తకం మొదటి ప్రతి చేతికి వచ్చాక, కొట్టివేతలతో దిద్దుబాట్లతో నిండిపోయిన అసలు రాతప్రతిని భార్యాభర్తలిద్దరూ కూర్చుని చింపేశారు. లోపలి వడ్రంగం ఎవరికీ తెలియకూడదని. అందుకే ఆ నవలకు ఆస్టిన్‌లో ఉన్నది శుభ్రంగా టైపు చేసిన ప్రతి. ఎక్కడో ఒక దిద్దుబాటు తప్ప ఏమీ కనిపించదు. ప్రపంచమంతా చదివిన నవల ఎలా తయారైందో చూపే కాగితం లేదు. రచయిత ఇష్టం, ఆయన హక్కు, కాదనను. కానీ నా ప్రాణం ఉసూరుమంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఆయన చివరి నవలది. జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్న రోజుల్లో ఒక చిన్న నవల మీద మళ్ళీ మళ్ళీ పనిచేశాడు. ఐదో రూపం మొదటి పుట మీద అది బాగా కుదిరిందని, ఇదే ఆఖరుదని తన చేత్తో రాసుకున్నాడు. దాని మీద తేదీ 2004 జులై 5. ఆ తర్వాత మనసు మారింది. ఇది పనికిరాదు, నాశనం చేయాలి అని కొడుకులకు చెప్పాడు. వాళ్ళు చేయలేదు. ఆ రూపాలన్నీ మిగతా కాగితాలతో పాటు ఆస్టిన్ వెళ్ళాయి. పండితులు చదివారు. 2024 మార్చిలో, ఆయన పుట్టినరోజున, ఆ ఐదో రూపాన్నీ ఆయన కార్యదర్శి కంప్యూటర్‌లో ఉంచిన ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని సంపాదకుడు కూర్చిన పుస్తకం వెలువడింది. కొడుకులు చేసింది ధర్మమా అధర్మమా అని లోకం వాదించుకుంది. వాదించుకోనివ్వండి. వాదించుకోవడానికి కాగితాలు ఉన్నాయి కదా! నాకు అది చాలు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆ విశ్వవిద్యాలయం మొదట ధర చెప్పనంది. ఒక వార్తాసంస్థ ఆ రాష్ట్ర సమాచార చట్టం కింద అడిగింది, చెప్పక తప్పదని అటార్నీ జనరల్ తేల్చారు. 22 లక్షల డాలర్లు. మరుసటి ఏడాదే, 2015లో, కజువో ఇషిగురో కాగితాలు కూడా వాళ్ళే పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చి కొన్నారు. ఆయనా నవలలు రాస్తాడు, సినిమాలకూ రాస్తాడు. రాత బల్ల కింద ఒక పెద్ద అట్టపెట్టె పెట్టుకుని, పక్కన పడేసిన కాగితాలన్నీ అందులో వేసేవాడట. పంపేముందు ఏ కాగితం ఏమిటో తనే వివరాలు రాసి జతచేశాడు. ఒక అట్టపెట్టె! దాని ఖరీదు ఎంతండీ? అది బల్ల కింద ఉండబట్టే ఆ కాగితాలు బతికాయి.

మార్కెజ్ సొంత దేశం కొలంబియాలో జనం బాధపడ్డారు. మా రచయిత కాగితాలు మాకు కాకుండా, ఎన్నో ఏళ్ళు ఆయనకు వీసా ఇవ్వడానికి సతాయించిన దేశానికి వెళ్ళడమేమిటని. నోబెల్ పతకం మాత్రం వాళ్ళ జాతీయ గ్రంథాలయానికి దక్కింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయితే మనకు ఆ బాధపడే అర్హత కూడా ఇంకా రాలేదని చెప్పడానికే వచ్చాను.

ఇంగ్లీషులో నవలలు రాసిన మన రాజారావుగారి కాగితాలు కూడా ఆస్టిన్‌లో ఆ భవనంలోనే ఉన్నాయి. ఆయన హైదరాబాదులో నిజాం కళాశాలలో చదువుకున్నారు, ఆస్టిన్‌లో తత్త్వశాస్త్రం బోధించారు, 2006లో అక్కడే కన్నుమూశారు. మన హైదరాబాదులో చదివిన మనిషి రాతప్రతి చూడాలంటే ఆస్టిన్ వెళ్ళాలి. సరే, అక్కడైనా ఉంది.

ఇప్పుడు మన సంగతి. తెలుగులో నవలా సినిమా రెండూ రాసినవాళ్ళు తక్కువమందా? గోపీచంద్ 1939లో 'రైతుబిడ్డ'కు రాశారు, 'అసమర్థుని జీవయాత్ర' రాశారు. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'కు 1952లో ప్రపంచ కథల పోటీలో బహుమతి వచ్చింది, 'బంగారు పాప' సినిమాకు రాసిందీ ఆయనే. ఒకే చెయ్యి నవలలో ఒకలా, సీనులో ఒకలా ఎలా నడిచిందో పక్కపక్కన పెట్టి చూడాలని మన విద్యార్థి ఎవరైనా అడిగితే ఏ పెట్టె తెరిచి చూపిస్తాం?

మా మేనమామ ఒకరు మద్రాసులో ఉండి సినిమాలకు మాటలు రాశారు. నాలుగు నవలలు కూడా రాశారు. పేరు చెప్పను. తెర మీద వేరేవాళ్ళ పేరు పడే పని చేశారు, చివరిదాకా ఆ మాట బయట పెట్టలేదు. ఆయన పోయాక సీను పేపర్లు మాకు వచ్చాయి. ఫుల్‌స్కేప్ కాగితం, మధ్యలో నిలువు గీత. ఎడమవైపు ఎవరు ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎటు చూడాలి. కుడివైపు మాటలు. కార్బన్ ప్రతులు ట్యాగు కట్టి ఉండేవి. ఒక పుట నాకు కంఠతా వచ్చు. కొడుకు ఇల్లు వదిలి పట్నం పోతున్నాడు, తల్లి గుమ్మంలో ఉంది. ఆవిడ చేత మామయ్య అరపేజీ మాట్లాడించారు. నవ మాసాలు, పాలు, రక్తం, తండ్రి లేని పిల్లాడు, అన్నీ ఉన్నాయి. అదంతా నీలం సిరాతో కొట్టేశారు. పక్కన ఇంకో నాలుగు వాక్యాలు రాసి అవీ కొట్టేశారు. అంచున ఎర్ర పెన్సిలుతో దర్శకుడి రాత, ఇంకా ఎక్కువైంది అని. చివరికి కుడివైపు అడుగున ఒక్క వాక్యం మిగిలింది: 'గొడుగు తీసుకెళ్ళు.' మాటల రచన ఎలా ఉండాలో చెప్పడానికి కళాశాలలో నేను ఎన్ని పాఠాలు చెప్పినా ఆ ఒక్క పుట చెప్పినంత చెప్పలేకపోయాను.

ఆ కాగితాలు ఒక గ్రంథాలయానికి ఇచ్చాం. ఏ గ్రంథాలయమో అనవసరం. అక్కడి గుమాస్తా యాక్సెషన్ రిజిస్టరు తెరిచి, ప్రచురణకర్త ఎవరని అడిగారు. ఎవరూ లేరన్నాను. ధర ఎంతన్నారు. లేదన్నాను. అచ్చయిన సంవత్సరం? లేదు. గడులు నింపకుండా నంబరు వేయలేం, నంబరు లేనిది బీరువాలో పెట్టలేం, పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా వరండాలో ఉంచుతాం అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, రిజిస్టరు అలా ఉంది. ఉత్తర్వు కోసం అర్జీలు పెట్టాం. ఉత్తర్వు రాలేదు, వాన వచ్చింది. వాన తర్వాత చెదలు వచ్చాయి. గొడుగు పుట పోయింది. వినండి, నిప్పులో పడలేదు, వరదలో పోలేదు, దొంగ ఎత్తుకుపోలేదు. మూడు గడులు నింపలేక పోయింది.

నాకు కోపం రాకూడదా?

మనకు చేతకాక కాదు. బ్రౌన్ దొర జీతాలిచ్చి పండితుల్ని పెట్టి, తాటాకులు సేకరింపజేసి, శుద్ధప్రతులు రాయించాడు. 1997లో కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళంలో కథానిలయం కట్టి, పత్రికల్లో చెదిరిపోయిన కథల్ని ఒక చోటికి తెచ్చారు. ఒక మనిషి పట్టుబడితే అంత పని జరిగింది. నేను అడుగుతున్నది అంత పెద్దది కూడా కాదు.

ఇక్కడ రచయితల పిల్లలు, మనవలు ఉన్నారు, నాకు తెలుసు. ఈ రాత్రే అటక మీది పెట్టె దించండి. తుప్పు పట్టిన గుండుసూదులు నెమ్మదిగా తీసేయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, అది కొన్నేళ్ళకు కాగితాన్ని పసుపు పట్టించి తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. కాగితాల వరస మార్చకండి, మీకు గజిబిజిగా కనిపించేది ఆయన పని చేసిన వరస కావచ్చు. చాకలి పద్దు అయినా పారేయకండి, దాని వెనక సీను ఉండవచ్చు. నూలుగుడ్డలో చుట్టి, నేలకు గోడకు తగలకుండా ఎత్తున పెట్టండి. ఎవరి రాత, ఏ సంవత్సరం అన్నది వేరే చీటీ మీద పెన్సిలుతో రాసి పెట్టండి. బాగా రాసే కుర్రవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. మీరంతా ఇప్పుడు కంప్యూటర్ మీదే రాస్తున్నారు. దిద్దిన ప్రతిసారీ పాత ఫైలు మీదే రాసేయకుండా, తేదీతో వేరే పేరు పెట్టి దాచండి.

అధ్యక్షా, చివరికి మీతో. మీరు పెద్దవారు, నాకు అన్నగారి వంటివారు, అందుకే చనువుగా అడుగుతున్నాను. రాతప్రతులకు వేరే రిజిస్టరు ఒకటి ఈ వారంలో తెరిపించండి. ధర గడి వద్దు, ప్రచురణకర్త గడి వద్దు. ఎవరి రాత, ఎన్ని పుటలు, ఎవరు ఇచ్చారు, ఏ తేదీన, ఈ నాలుగూ చాలు. ఒక ఇనుప బీరువా చాలు, దాని ఖర్చు నా పింఛనులోంచి ఇస్తాను, సభలో చెబుతున్నాను కాబట్టి వెనక్కి తీసుకోను. వరండాలో పోగా మిగిలిన మామయ్య కాగితాలు ఈ సంచీలో తెచ్చాను. పుటలు లెక్కపెట్టి, మొదటి నంబరు వీటికి వేయించండి. రసీదు తీసుకునే వెళ్తాను.