చింతపండుతో తోమిన మైక్రోస్కోపు

అందరికీ నమస్కారం. నేను సైంటిస్టును కాను, పాత మైక్రోస్కోపుల పిచ్చి పట్టినవాణ్ణి, అంతే. ఈ పిచ్చి ఓ తప్పుతో మొదలైంది. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుప్పు పట్టిన తాళాలు, కాలిపోయిన ఫ్యాన్ మోటార్లు గుట్టపోసిన పట్టా మీద ఓ ఇత్తడి మైక్రోస్కోపు కనిపించింది. బేరమాడి తెచ్చుకున్నా. నల్లగా, మరకలు మరకలుగా ఉంది. దసరాకి ఆయుధపూజలో పెడదామని అమ్మా నేనూ కూర్చుని, బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి తోమేశాం. బంగారంలా మెరిసింది! తెలిసిన పెద్దాయన ఒకరికి గర్వంగా చూపిస్తే, చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "లక్క మొత్తం పోగొట్టావు కదరా" అన్నాడు.

అప్పటిదాకా నాకు తెలియదు, 19వ శతాబ్దంలో ఇత్తడి నల్లబడకుండా లక్కను స్పిరిట్‌లో కరిగించి, వేడి చేసిన లోహం మీద పలచగా పూసేవాళ్లని. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే ఎగుమతయ్యేదట, దాన్ని నేను మన చింతపండుతోనే వదలగొట్టాను. కొనేవాళ్లు ముందు చూసేది ఆ పూతనే. అది పోయాక మళ్లీ పూయొచ్చు గానీ, ఎవరి వేళ్లు ఎక్కడ పడి అరిగిందో చెప్పే గుర్తులు తిరిగి రావు.

నాకు ముఖ్యం ఆ గుర్తులే. రోనాల్డ్ రాస్ సంగతి మీకు తెలుసు, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ రోజుల గురించి ఆయనే రాసుకున్నాడు: నుదుటి మీది, చేతుల మీది చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒకే ఒక్క ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే అద్దం, కూడా పగిలింది. పంకా వేస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి అదీ లేదు. ఆ ఉక్కపోత మనకి చెప్పాలా? అలాంటి మైక్రోస్కోపును ఎవరైనా శుభ్రంగా తోమి పెడితే నాకైతే ఏడుపొస్తుంది.

ధరల గురించి అడుగుతారు కదా. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్, వేలెడంత లోహపు రేకుల మధ్య ఒక్క చిన్న అద్దం బిగించి దాదాపు 500 మైక్రోస్కోపులు చేశాడంటారు, ఇవాళ మిగిలినవి పదీ పన్నెండు. వాటిలో ఒక వెండిది 2009లో లండన్ వేలంలో 3 లక్షల పౌండ్లు దాటింది. అది మన పని కాదు, వదిలేద్దాం.

మనకు అందేవి విక్టోరియా కాలపు ఇత్తడివి. అందులోనూ నకిలీలు బోలెడు: బాగా మెరుస్తూ, 'లండన్' అని చెక్కి, ఫోకస్ మర తిప్పితే గరగరలాడుతుంటాయి. అసలుదైతే వందేళ్ల తర్వాత కూడా చాలాసార్లు వెన్నలా తిరుగుతుంది. లండన్ మైక్రోస్కోపికల్ సొసైటీ 1858లో ఆబ్జెక్టివ్‌ను, అంటే చూసే వస్తువు వైపు ఉండే అద్దాన్ని, గొట్టానికి బిగించే మరకు ఒకే కొలత పెట్టింది. ఆ కొలత ఇప్పటికీ చాలా కాలేజీ మైక్రోస్కోపుల్లో ఉంది. మా మేనల్లుడి కాలేజీ ల్యాబ్ ఆబ్జెక్టివ్ తెచ్చి నా పాత ఇత్తడి గొట్టానికి తిప్పాను, ఇద్దరం ఊపిరి బిగబట్టాం, మూడు చుట్లలో కూర్చుంది. ఆ రాత్రి ఉల్లిపొర కణాలు చూస్తూ అన్నం మర్చిపోయాం.

ఇంకోటి, మన వానాకాలం అద్దాలకు బూజు పట్టిస్తుంది, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పడేయండి. వందేళ్లు దాటినవాటిని విదేశాలకు పంపాలనుకుంటే 1972 పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది, ఆ ఆశ పెట్టుకోకండి.

ఆ బల్ల మీద నావి మూడు పెట్టాను, మధ్యలో బాగా మెరుస్తున్నది దసరాది. వచ్చి తిప్పి చూడండి, దాన్ని ఎలా పట్టుకున్నా పర్లేదు. మిగతా రెండూ మాత్రం ముట్టుకునే ముందు చేతులు తుడుచుకోండి బాబూ.