లక్ష్మాగౌడ్ బొమ్మల్లో ఆ మేక ఎందుకుంది? | రంగు పెన్సిల్, ఇంకు బొమ్మల రివ్యూ

నమస్తే అండి అందరికీ. ఇవాళ మన లక్ష్మాగౌడ్ గారి బొమ్మల గురించి మాట్లాడుకుందాం. చాలా రోజులుగా అనుకుంటూనే ఉన్నా, మొన్న హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో ఆయన రంగు పెన్సిల్, ఇంకు బొమ్మలు దగ్గర్నుంచి చూశాక ఇక ఆగలేకపోయా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆయన పుట్టింది 1940లో, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో. హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకుని, బరోడా వెళ్లి పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర చదువుకుని, మళ్లీ మన దగ్గరికే వచ్చేశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. చాలామంది ఈయన బొమ్మల్ని చూసి తోట వైకుంఠం గారివి అనుకుంటారు, ఇద్దరూ తెలంగాణ పల్లె ఆడవాళ్లను గీస్తారు కదా. వైకుంఠం గారి దగ్గర ముందు కంటికి తగిలేది రంగు, ఆ ఎరుపు, ఆ పసుపు. ఇక్కడ ముందు గీత.

నేను చెప్పాలనుకున్నది ఆ గీత గురించే. నేను చూసిన బొమ్మ పెద్దదేం కాదు, నోట్‌బుక్ అంత ఉంటుంది. ఒకావిడ, నుదుట పెద్ద బొట్టు, ముక్కుపుడక, పక్కన మేక, వెనకాల చెట్టు. దగ్గరికెళ్తే మేక ఒంటి మీద వెంట్రుకంత సన్నటి ఇంకు గీతలు, పొట్ట కింద ఒత్తుగా మొదలై వీపు మీదికి వచ్చేసరికి పలచబడిపోతాయి, అంతే, మేకకు కండ పట్టినట్టు అయిపోయింది! రంగు పెన్సిల్ ఎక్కడా నొక్కి రుద్దలేదండి. కాగితం గరుకు మీద తేలిగ్గా పోనిచ్చారు, మధ్యమధ్యలో తెల్లచుక్కలు అలాగే మిగిలాయి, ఎండపడ్డ మట్టిగోడ ఎలా ఉంటుందో అలా ఉంది.

మీరూ ఇంట్లో ఒకసారి చేసి చూడండి. రంగు పెన్సిల్ మందంగా రుద్ది దానిమీద ఇంకు వేస్తే, పెన్సిల్ రంగులో ఉండే మైనానికి ఇంకు సరిగ్గా పట్టదు. అందుకే ముందు ఇంకు వేసి, ఆరాక రంగు వేయడం మంచిది. ఇంకు గీత తప్పితే రబ్బరు పెట్టి చెరపలేం. ఆ మేక ఒంటి మీద వందల గీతలున్నాయి, ఒక్కటి కూడా తడబడినట్టు నాకు కనిపించలేదు.

ఇక మేక సంగతి. అందం కోసం పెట్టారనుకుంటే బొమ్మను సగమే చూసినట్టు. మన ఊళ్లల్లో మేక అంటే పోచమ్మకు మొక్కు, ఆస్పత్రి ఖర్చొస్తే అమ్ముకునే ఆస్తి, ఇంట్లో పిల్లల మధ్య తిరిగే ప్రాణం. దానికి తోడు మేకపోతు అంటే కోరిక కూడా. ఆయన 70ల నాటి నలుపు తెలుపు బొమ్మల్లో మనిషి, మేక, చెట్టు ఒకదాంట్లోంచి ఒకటి మొలుచుకొస్తాయి, ఆడా మగా మధ్య కోరికను దాపరికం లేకుండా గీశారు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఈ మాట ముందే చెప్తున్నా. నాకైతే ఆయన పనిలో అవే గొప్పవి. తర్వాత వచ్చిన రంగుల ముఖాలు కొన్ని ఒకేలా అనిపిస్తాయి, హాల్లో సోఫా పైన పెట్టుకోవడానికి బాగుంటాయి కానీ ఆ పాత బొమ్మల ముందు నిలబడితే వచ్చే టెన్షన్ వీటిలో రాదు.

కానీ ఈ చిన్న బొమ్మ అలా కాదు. మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? ఇందులో అది ఒక్క అడ్డగీత. ఆవిడా, మేకా ఇద్దరూ బొమ్మ అంచు దాటి ఒకే వైపు చూస్తుంటారు. అక్కడ ఎవరున్నారో ఆయన గీయలేదు. అటువైపు కాగితం ఖాళీ, పెన్సిల్ కూడా ఆనించలేదు. నేను పావుగంట అక్కడే నిలబడ్డా. ఫోన్‌లో తీసిన ఫొటోలో ఆ ఖాళీ పసుపుపచ్చగా వచ్చింది, అసలు కాగితం అలా లేదు, వీలైతే నేరుగా వెళ్లి చూడండి.