ధనుర్మాసంలో కల్యాణ మండపం: ఇరవై మందికి రాత్రి చోటు

[తెరపై: తిరుపతి రైల్వే స్టేషన్ బయట, రాత్రి పదిన్నర. ముఖాలు కనబడవు.]

వాయిస్: తిరుపతి చలి అంత పెద్ద చలి కాదంటారు. ఇంట్లో పడుకునేవాళ్ల మాట అది. డిసెంబరు వానకు తడిసిన సిమెంటు మీద ఒక ముసలాయన పడుకుంటే తెల్లారేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోతుంది. ఇలా వీధిలో పడుకునేవాళ్లకు ఈ నెల రోజులు రాత్రి చోటు పెట్టాలనుకుంటే ఎలాగో చూద్దాం.

అమెరికాలోని నాష్‌విల్‌లో 1986 నుంచి చర్చిలు వంతులేసుకుని చలికాలం రాత్రుల్లో ఇల్లు లేనివాళ్లకు పడక, భోజనం ఇస్తున్నాయి. ఏ రాత్రి ఏ చర్చో చూసి బండ్లలో తీసుకెళ్తారు. మన ఊళ్లో రోజుకో చోటంటే జనం రారు, బండి ఖర్చు కూడా గిట్టదు. అందుకే చోటు ఒక్కటే పెట్టుకోండి. వంట, కాపలా మాత్రం గుడి, చర్చి, మసీదు కమిటీలు వారాలవారీగా పంచుకోవచ్చు.

[తెరపై: ఖాళీ డైనింగ్ హాలు, కొలత టేపు]

భజన మందిరం కుదరదు. తెల్లవారుజామునే తిరుప్పావై మొదలవుతుంది, చలి బాగా ఉండే వేళకే అందరినీ లేపాల్సొస్తుంది. చర్చిలో 24, 31 రాత్రులు ఆరాధన ఉంటుంది. ఖాళీగా ఉండేది కల్యాణ మండపమే. డిసెంబరు 16 ప్రాంతం నుంచి భోగి దాకా ముహూర్తాలుండవు కదా. కాకపోతే వైకుంఠ ఏకాదశికి యాత్రికుల బస్సులొస్తే యజమాని మనసు మారొచ్చు. తేదీలు ముందే కాగితం మీద రాయించుకోండి.

పట్టణ నిరాశ్రయుల షెల్టర్లకు కేంద్రం పెట్టిన లెక్క మనిషికి 50 చదరపు అడుగులు. వెయ్యి అడుగుల హాల్లో ఇరవై మంది. ఇరవై ఒకటో మనిషి వస్తే ఏం చెప్పాలో, ఎక్కడికి పంపాలో ముందే అనుకోండి, గేటు దగ్గర వాదన వద్దు.

[తెరపై: పడక వేస్తున్న చేతులు]

చలి ఎక్కువగా కింది బండ నుంచే ఎక్కుతుంది. ఒకే దుప్పటి ఉంటే కప్పుకోవడం కన్నా కింద మందంగా వేయడమే మేలు. ముందు ప్లాస్టిక్ పట్టా, దాని మీద చాప, ఆపైన మడతపెట్టిన జంపఖానా. మనిషికి రెండు జతల దుప్పట్లు కావాలి, ముసురులో ఉతికినవి ఆరవు. గజ్జి కనిపిస్తే దుప్పట్లు మరిగే నీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో గట్టిగా మూట కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టండి. కుంపటి మాత్రం లోపల వద్దు. తలుపులు మూసిన హాల్లో బొగ్గు నుంచి వచ్చే కంటికి కనిపించని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పై వెంటిలేటర్లు తెరిచే ఉంచండి.

[తెరపై: డేగిసాలో రాగిజావ]

ఇరవై గ్లాసులంటే నాలుగు లీటర్లు, పావు కిలో రాగిపిండి. పిండిని ముందు చల్లనీళ్లలో కలిపి, ఆ తర్వాత మరిగే నీళ్లలో పోయాలి. నేరుగా వేస్తే ఉండ కడుతుంది. సంగటి, ఊరిబిండి అందరికీ ఇష్టమే, కానీ పళ్లు లేనివాళ్లకు పప్పన్నం మెత్తగా వేరే వండాలి. ఇరవై మందికి మూడు కిలోల బియ్యం, ముప్పావు కిలో కందిపప్పు సరిపోతాయి.

జనం రాకపోవడానికి ముఖ్య కారణం మూట. మూట బయట పెట్టమంటే వీధిలోనే పడుకుంటారు. టోకెన్ కట్టి వాళ్ల తలాపునే ఉంచండి, విప్పి చూడకండి. ఆధార్ అడగొద్దు. చెప్పిన పేరే రాసుకోండి. అన్నానికి ముందు భజన, ప్రార్థన షరతు పెట్టొద్దు. దుప్పటి పంచుతూ ఫొటో తీస్తే మర్నాడు సగం మంది రారు, అది వాళ్ల తప్పు కాదు.

ఆడవాళ్లకు లోపలి గడియ ఉన్న వేరే గది, అక్కడ ఒక మహిళా వాలంటీరు ఉండాలి. తాగి వచ్చినవాళ్లను గేటు దగ్గరే తరిమేయకండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పిలిస్తే పలకకపోతే 108. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావొచ్చు. అప్పుడూ 108కే. పిల్లలు ఒంటరిగా వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

[తెరపై: క్యాలెండర్, భోగి]

భోగి తర్వాత మండపానికి బుకింగులు మొదలవుతాయి. అందుకే జనవరి మొదటి వారంలోనే మున్సిపల్ షెల్టరుకు వెళ్లి ఎన్ని పడకలు ఖాళీ ఉన్నాయో కనుక్కోండి. నడవలేనివాళ్లను ముందు అక్కడ చేర్పించండి, ఎవరి దుప్పటి వాళ్లతోనే పంపండి.